బొమ్మలో మన ఊరు



మీ ఇంట్లో పాత మట్టి కుండ ఉందా? ఉంటే వెలుతురులోకి తెచ్చి చూడండి. మూతి కింద, నడుము మీద సన్నటి గీతలు కనబడతాయి. అవి చేసినవాళ్ళ వేళ్ళ గుర్తులు. వేళ్ళ గుర్తులు ఉంటాయి గాని, వాళ్ళ పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఈ పాఠం మట్టి గురించి, బొమ్మల గురించి, ఒక మనిషి గురించి. ఆయన పేరు కె. లక్ష్మాగౌడ్.

ఆయన 1940లో పుట్టారు. ఊరు నిజాంపూర్, అప్పటి మెదక్ జిల్లా. పల్లెటూరు. మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మాదిరే అక్కడా రాళ్ళు, తుప్పలు, మేకలు. ఆ పిల్లవాడు హైదరాబాదు వెళ్ళి బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. తర్వాత 1963లో గుజరాత్‌లోని బరోడాకు వెళ్ళాడు. అక్కడ రెండేళ్ళు గోడల మీద బొమ్మలు వేయడం, అచ్చు బొమ్మలు తీయడం చదివాడు. కె.జి. సుబ్రమణ్యన్ అనే పెద్ద చిత్రకారుడు ఆయనకు గురువు.

అంత చదువు చదివినాయన ఏం గీయాలి? రాజులనా? మేడలనా? ఆయన తిరిగి తన ఊరి వైపే చూశాడు. తలపాగా చుట్టిన రైతును గీశాడు. పెద్ద బొట్టు, ముక్కుపుడక పెట్టుకున్న ఆడమనిషిని గీశాడు. గుడిసెను గీశాడు, చెట్టును గీశాడు. మేకలను మాత్రం లెక్కలేనన్ని గీశాడు. మొదట్లో గీసిన కొన్ని బొమ్మల్లో ఆడా మగా కోరికలు దాపరికం లేకుండా ఉంటాయి. అవి అందరికీ నచ్చకపోవచ్చు. పల్లెలో జనం ఎట్టా బతుకుతారో అట్టాగే చూపాలనేది ఆయన పట్టుదల అని నాకనిపిస్తుంది.

ఒకసారి చదువుల కేంద్రంలో బొమ్మ గీయమంటే ఒక అక్క నవ్వేసింది. "మా ఇంట్లో ఏముండాయమ్మా గీయడానికి? మేకలు, చిల్లచెట్లు, పొగబట్టిన గోడ. ఇంకేముండాది?" అంది. అందరం నవ్వాం. లక్ష్మాగౌడ్ జీవితమంతా గీసింది సరిగ్గా అవేనని అప్పుడు ఆమెకు చెప్పాలనిపించింది.

ఆయన అచ్చు బొమ్మ ఎట్టా తీస్తారో వినండి. నున్నటి రాగి రేకు గాని, జింకు రేకు గాని తీసుకుంటారు. దాని మీద మైనం లాంటి పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో బొమ్మ గీస్తారు. గీసినచోట పూత లేచిపోతుంది, లోహం బయటపడుతుంది. తర్వాత రేకును యాసిడ్‌లో ముంచుతారు. యాసిడ్ బయటపడిన గీతలను తినేస్తుంది. అక్కడ సన్నటి కాలువలు పడతాయి. పూత తీసేసి, సిరా రుద్ది, పైసిరా తుడిచేస్తారు. సిరా కాలువల్లోనే నిలుస్తుంది. పైన తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఒకే రేకుతో చాలా అచ్చులు తీయొచ్చు. ప్రతి అచ్చు కింద అది ఎన్నోదో అంకె వేసి, చిత్రకారుడు పెన్సిలుతో సంతకం పెడతాడు. ఈ సంతకం మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఆయన కాగితంతో ఆగలేదు, మట్టి పట్టాడు. అవే ముఖాలను, అవే మేకలను మట్టిలో చేశాడు.

మట్టి పని మీకు తెలిసిందే. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, నానబెట్టి, తొక్కాలి. తల బొమ్మ చేస్తే లోపల గుల్లగా ఉంచాలి. మందంగా ఉంటే తొందరగా ఆరదు. లోపల తడి మిగిలితే ఆవంలో వేడికి అది ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. అందుకే నీడలో నిదానంగా ఆరబెడతారు. కాల్చాక ఎర్రగా అయ్యేది మట్టిలో ఉన్న ఇనుము వల్ల. గాలి పోకుండా మూసి పొగబెట్టి కాలిస్తే అదే మట్టి నల్లగా అవుతుంది.

మరి ఊరగాయ జాడీ? అదీ మట్టే. కాకపోతే వేరే రకం మట్టి, ఇంకా ఎక్కువ వేడి. మన కుండ సుమారు 800 నుంచి 1000 డిగ్రీల్లోపు కాలుతుంది. జాడీకి సుమారు 1200 డిగ్రీలు కావాలి. పైన పూసిన పూత ఆ వేడికి కరిగి గాజులా అంటుకుంటుంది. అందుకే కుండ నీళ్ళు పీలుస్తుంది, జాడీ నూనెను పీల్చదు. లక్ష్మాగౌడ్ మామూలు మట్టి బొమ్మలూ చేశాడు, పూత వేసిన పింగాణీ పనీ చేశాడు.

హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆయన చాలా ఏళ్ళు పిల్లలకు ఈ విద్య నేర్పారు. 2016లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన బొమ్మలు లక్షల రూపాయలకు అమ్ముడయ్యాయి.

ఇక్కడ నాకొక అనుమానం వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. చదువుకున్నాయన మట్టితో మేకను చేస్తే కళ. మన కుమ్మరక్క దీపం చేస్తే వట్టి ప్రమిద. ఇదేం లెక్క?

దూరం ఎందుకు, మన ఉదయగిరినే చూడండి. దుర్గం కొండల అడవి కర్రతో అక్కడ గరిటెలు, చెంచాలు చేస్తారు. ఆ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. కర్ర కోసి, చెక్కి, ఆకురాయితో రుద్ది నున్నగా చేస్తారు. కాడ మీద పువ్వులు, జాలీ పనీ చెక్కుతారు. చెయ్యి ఒక్క రవ్వ జారితే కాడ విరుగుతుంది, పొద్దుటి నుంచి పడిన కష్టం పోతుంది. ఉదయగిరి చెక్క చెంచాలకు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే వేరే ఊళ్ళో చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. మంచిదే. ఊరి పేరు నిలిచింది. చెక్కినామె పేరు చెంచా మీద ఉందా? లేదు.

లక్ష్మాగౌడ్‌ది గొప్ప పని, దాన్ని నేను తగ్గించడం లేదు. మన బతుకు బొమ్మకు పనికిరాదు అనుకునే చోట, పనికొస్తుందని గీసి చూపించినాయన. అయితే ఆయనకు ఒకటి అలవాటు. పని అయ్యాక కింద పేరు రాస్తాడు. మన ఆడవాళ్ళు అల్లిన బుట్టకు, వేసిన ముగ్గుకు, కుట్టిన బొంతకు పేరు రాయరు. ఒకప్పుడు రాయడం రాక రాయలేదు. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

పలక, బలపం తీసుకోండి. మీ ఇంట్లో రోజూ చేతితో పట్టుకునే వస్తువు ఒకటి ఎంచుకోండి. రోలు, చేట, కవ్వం, ఏదైనా సరే. దాన్ని ఎదురుగా పెట్టుకుని, చూస్తూ గీయండి. వంకర పోయినా చెరపొద్దు. కింద మీ పేరు, ఊరు పేరు, తారీకు రాయండి.

తర్వాత కేంద్రంలో కూర్చుని మాట్లాడుకోండి. మీ ఊళ్ళో కుండలు, చాపలు, బుట్టలు, గరిటెలు చేసే ఆడవాళ్ళు ఎవరెవరు? వాళ్ళ పేర్లు నల్లబల్ల మీద రాయండి. ఒక్కో వస్తువుకు వాళ్ళకు ఎంత వస్తుంది? అదే వస్తువు నెల్లూరు అంగట్లో ఎంతకు అమ్ముతున్నారు? కనుక్కుని, ఆ రెండు అంకెలు పేర్ల పక్కన వేయండి.