గద్దల లెక్క

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉంది. చలికాలం ముందు అక్కడికి పిల్లిగద్దలు వస్తాయి. రష్యా వంటి చలిదేశాల నుంచి వస్తాయి. అక్కడ మంచు పడితే తిండి దొరకదు. ఇక్కడ చేలల్లో ఎలుకలను పట్టి తింటాయి. అది రైతుకు మేలే.

"ఇరవై గద్దల్ని చూశా" అంది అత్త.

"ఒక్కటే ఇరవైసార్లు తిరిగిందేమో అత్తా!" అని కోడలు నవ్వింది.

నిజమే. పగలు లెక్క తప్పుతుంది. పిల్లిగద్దలు రాత్రి గడ్డిలో, నేలమీదే పడుకుంటాయి. పొద్దుగూకే వేళ అవి దిగుతుంటే లెక్కపెట్టాలి. ఒక్కో గద్దకు ఒక్కో గీత గీయాలి.

కొల్లేట్లో గడ్డి పోయి చేపల చెరువులు వచ్చాయి. 2006లో ప్రభుత్వం చాలా చెరువుల గట్లు తెగగొట్టింది. గడ్డి లేకపోతే గద్దకు పడక లేదు. నిరుడు ఎన్ని వచ్చాయో రాసి ఉంటేనే, ఈ ఏడు తగ్గాయో లేదో తెలుస్తుంది.

ఆ సాయంత్రం గీతలు అత్తే గీసింది. కింద తారీఖు కూడా వేసింది.