మజిలీల లెక్క

గోదావరిఖని,
దసరా వెళ్లిన మూడో నాడు.

చిరంజీవి అల్లునికి మామ దీవించి రాయునది.

నువ్వు పంపిన ప్లాను చూసిన. బుల్లెట్ మీద గోదావరిఖని నుంచి కాశీ, పాత ఏడో నంబరు రోడ్డు పట్టుకొని, మూడు రోజుల్లో. రోజుకు నాలుగు వందల కిలోమీటర్లు, ఏ గంటకు ఏ ఊరు, ఎక్కడ పెట్రోలు, అన్నీ గళ్లు గీసి మంచిగనే వేసినవు. కానీ ఆ గళ్లల్లో ఎక్కడా నీకు ఆకలైతలేదు, నిద్ర వస్తలేదు, టైరు గాలి పోతలేదు. ఫోన్లో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవు. అందుకే కాగితం మీద రాస్తున్న. నిన్ను ఆపుతలేను. మీ అమ్మకు సర్ది చెప్పే పని కూడా నాదే.

ఇగ ఆ రోడ్డు సంగతి. మనోళ్లు కాశీకి పోయిన తోవ అది. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసేటోడు. 1830 మే 18న పల్లకీలో, పెద్ద పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా మీర్జాపూర్ చేరి కాశీ చూసిండు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు 3. తోవలో సంగతులన్నీ సోపతి అయిన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపితే, ఆయన 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించిండు. మన గ్రంథాలయంలో అడుగు, లేకుంటే నా కాపీ తీస్కపో. అట్ట ఊడింది, జాగ్రత్త.

ఆ పుస్తకం నీకు ఎందుకు చెప్తున్ననంటే, ఆయన లెక్కంతా మజిలీల్లో ఉంటది. ఈ ఊర్లో దిగితిమి, నీళ్లు మంచివి, అంగళ్లు ఉన్నవి, వసతి ఉన్నది లేదా లేదు. తోవ ఎంత తొందరగా నడిచిననని గొప్పలు పోడు, ఎక్కడ దిగిననని చెప్తడు. తర్వాత వచ్చేటోనికి పనికొచ్చేది అదే కదా. నీ పట్టికలో కిలోమీటర్లున్నయి, మజిలీలు లేవు.

నా కథ నీకు సగమే తెలుసు. భుజం ఎముక విరిగింది బొగ్గు బాయిలో అని మీ అమ్మ చెప్పి ఉంటది. కాదు. 1994 చలికాలంలో నేనూ ఒక సోపతీ రాజ్‌దూత్ మీద ఇదే కాశీకి బయలుదేరినం. ముందు నాడు నైట్ షిఫ్టు. పొద్దున ఏడింటికి బాయి నుంచి పైకొచ్చి, క్యాప్ ల్యాంపు అప్పజెప్పి, తానం చేసి, తొమ్మిదింటికల్లా బండి మీద ఉన్న. సెలవులు ఎన్నో లేవు, ఒక్క రోజు కూడా పోవద్దని ఆశ. ఆ రాత్రి ఆదిలాబాద్‌లో ఆగుదామని సోపతి అంటే వినలేదు. పొద్దుమూకినంక పెన్‌గంగ దాటినం, పాండర్‌కవడ దగ్గర దాబాలో కడుపునిండ తిన్నం. హింగన్‌ఘాట్ ఇంకా రాలేదు. పడ్డది గుర్తు లేదల్లుడా, లేచింది మాత్రం గుర్తుంది: నల్లరేగడి పత్తి చేన్లో, నోట్లో మట్టి. సోపతికేం కాలేదు, వెనుక కూసున్నడు కాబట్టి ముందే దుంకిండు. భాష రాని రైతు ఎవరో మమ్మల్ని లారీ ఎక్కించిండు. బండి ఇంకో లారీ మీద ఇంటికొచ్చింది. అటెన్క కాశీకి పోయిన, మీ అత్తతోని, దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో. రైల్లో నుంచి ఆ రోడ్డు కనపడది కదా, ఆ వెలితి ఇంకా పోలేదు.

బాయిలో సర్దారుగా నేను మొదట నేర్చుకున్న పని కప్పు తట్టి చూడటం. కర్రతో పైన కొడితే గట్టి కప్పు ఖణేల్ మంటది, వదులైంది బోలుగా పలుకుతది. నిన్న తట్టిన కదా అని ఇయ్యాల వదిలేస్తే లేదు, షిఫ్టు షిఫ్టుకూ తట్టాలె. ఆ రోజు నన్ను నేను తట్టి చూసుకోలేదు. ఎనిమిది గంటలు పని చేసిన పెయ్యి బోలుగనే పలికేది.

గందుకని నీ మూడు రోజుల్ని ఆరు చేస్తున్న.

మొదటి రోజు నిర్మల్‌తో సరి. గోదావరి వంతెన దాటి మంచిర్యాల, లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం, కడెం, ఖానాపూర్ మీదుగా సుమారు నూట యాభై కిలోమీటర్లు. ఇది కవ్వాల్ అడవి, 2012 నుంచి పులుల అభయారణ్యం. పొద్దున పోతే టేకు ఆకుల నడిమ ఎండ పడుతుంటది, రాత్రి పోతే అడవి జంతువు నీ లైటుకు బెదిరి నిలబడుతది. పగటి రోడ్డు అనుకో. చంద్రాపూర్ దిక్కు నాలుగు వరుసల రోడ్డు పడ్డది, అటు పోతే సగం రోజు మిగులుతది అని నీ సోపతులు చెప్తరు. నిజమే, అది జామ్ అనే ఊరి దగ్గర పోయి నాగపూర్ రోడ్డులో కలుస్తది. కానీ నువ్వు పాత ఏడో నంబరు మీద పోవాలన్నవు కదా, మరి నిర్మల్ విడిస్తే ఎట్ల? మధ్యాహ్నానికే చేరుతవు. లాడ్జిలో సామాను పడేసి, ఉత్త బండి మీద సోన్ వంతెన దాకా పోయిరా. అక్కడా గోదారే. మన ఊరికి వచ్చే నీళ్లను మనకంటే ముందు చూస్తవు.

రెండో రోజు నాగపూర్, రెండు వందల డెబ్బై ఐదు దాకా. నిర్మల్ ఘాట్ ఎక్కుతున్నప్పుడు రోడ్డు కోసిన కాడ రాయి చూడు. మన బొగ్గు ఇసుకరాయి నడిమ ఉంటది, ఇక్కడ నల్లరాయి, లావా గట్టిపడింది. అదే అరిగి ఆదిలాబాద్ పత్తి నేలలైంది. నాకు బాయి శిక్షణలో 'గోండ్వానా బొగ్గు' అని చెప్పిన్రు, ఏ దేశం పేరో అనుకున్న. ఆదిలాబాద్ నుంచి జబల్‌పూర్ దాకా నువ్వు పోయేదంతా గోండుల నేల, వాళ్ల పేరే ప్రపంచంలో గోండ్వానా అనే పాత ఖండానికి పెట్టిన్రు. నువ్వు చదువుకున్నోనివి, ఇది నీకు తెలిసే ఉంటది, నాకు యాభై ఏండ్లకు తెలిసింది.

నాగపూర్ దగ్గర ఒక ముచ్చట. ముంబై దిక్కు పోయే సమృద్ధి మార్గం బోర్డులు కనపడుతయి, దాని మీదికి రెండు చక్రాల బండ్లను రానియ్యరు. దాని జోలికి పోకు. మామూలు జాతీయ రహదారి టోల్ గేట్ల దగ్గర బైకుకు పైసలు లేవు, ఎడమ చివర సందులో నుంచి నెమ్మదిగా పోవాలె. బైకుకు గంటకు ఎనభై దాటొద్దని రూలు. నీ బుల్లెట్ కూడా ఎనభైకి వణుకుతదిలే.

మూడో రోజు జబల్‌పూర్, మళ్ల రెండు వందల డెబ్బై. మన్‌సర్, ఖవాసా, సివనీ. పెంచ్ అడవిలో రోడ్డును కిందికెళ్లి జంతువులు పోయేటట్టు ఎత్తి కట్టిన్రు, అక్కడ ఫొటోల కోసం ఆగకు. ఆ తర్వాత లఖ్‌నాదోన్. ఇక్కడే తప్పిపోతరు. పాత నంబర్లు 2010లో మారినయి. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా ఒక్కటే ఏడో నంబరుగా ఉన్న రోడ్డు ఇప్పుడు ముక్కలైంది. మన దిక్కుది శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోయే 44లో కలిసింది. ఏడు అనే నంబరును పంజాబ్‌లోని ఫాజిల్కా నుంచి బదరీనాథ్ దిక్కు పోయే రోడ్డుకు ఇచ్చిన్రు. ఫోన్‌లో ఏడు అని కొడితే హిమాలయాలు చూపిస్తది! 44ను నమ్ముకొని పోతే లఖ్‌నాదోన్ నుంచి అది నర్సింగ్‌పూర్, సాగర్, ఝాన్సీ దిక్కు ఢిల్లీకి తీస్కపోతది. నువ్వు కుడికి తిరగాలె. నంబరు చూడకు, జబల్‌పూర్ అనే పేరు చూడు. రీవా దాటినంక మన్‌గవాన్ దగ్గర ఇట్లనే రోడ్డు చీలుతది, ఎడమది ప్రయాగకు, నీది మీర్జాపూర్‌కు. ఊర్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద రాసి ట్యాంకు మీద అంటించుకో. కాగితానికి ఛార్జింగు అయిపోదు.

నాలుగో రోజు బండి ముట్టొద్దు. భేడాఘాట్‌లో నర్మద పాలరాతి గుట్టల నడిమ పారుతది, ఆటోలో పోయిరా. జబల్‌పూర్‌లోనే ఉండి స్లీమన్ అనే తెల్లదొర ఠగ్గులను పట్టించిండు, అదీ 1830ల ముచ్చటే. బాటసారులతో సోపతి చేసి, కలిసి తిని, గొంతుకు గుడ్డ బిగించేటోళ్లు. వీరాస్వామయ్య పల్లకీ పోయింది అసుంటి రోజుల్లోనే. కట్నీ దిక్కు పోతుంటే స్లీమనాబాద్ అని ఊరు వస్తది, ఆ దొర పేరే.

అయిదో రోజు రీవా, రెండు వందల ముప్పై అయిదు. ఆరో రోజు కాశీ, అంతకు ఇంకొంచెం ఎక్కువ. ఆ రోజు మధ్యాహ్నానికి డ్రమండ్‌గంజ్ ఘాట్ వస్తది, వింధ్య గుట్టలు దిగి గంగ మైదానంలో పడతవు. లారీలు బ్రేకులు కాగి వాసన కొడుతుంటయి. రెండో గేరులో దిగు, లారీ ముంగట ఉండకు, వెనుకనే ఉండు. మీర్జాపూర్‌లో ఒక చాయ్ తాగు. మన దేశం గడియారం లెక్క 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం, అది ఆ ఊరి దగ్గర నుంచే పోతది. నేను ముప్పై నాలుగేండ్లు లేచిన షిఫ్టు కూత ఆ గీత లెక్కనే మోగింది. నా తరఫున దానికో దండం పెట్టు, తిట్టినా సరే.

కాశీలో గల్లీలల్లో బండి తిప్పుతననుకోకు. బయట స్టాండులో పెట్టి నడు. మానసరోవరం దగ్గర ఆంధ్రాశ్రమం ఉన్నది, తెలుగోళ్లకు వసతి, ముందుగా అడిగి పెట్టుకో.

ఎప్పుడు పోవాలె? కార్తీకం చివర్లో, నవంబరు నెల. ఎండాకాలం అంటే మన కాడనే నలభై అయిదు దాటుతది, దాని గురించి చెప్పేదేముంది. డిసెంబరు సగం దాటితే రీవా అవతల పొద్దున మంచు ఎట్లుంటదంటే ముందు పోయే ట్రాక్టరు కనపడది. లాభాల వాటా పైసలు పడ్డయి కదా అని రేపే బయలుదేరకు. ముందు నీ హాజరు మస్టర్ల లెక్క చూసుకో. బదిలీ వర్కర్‌వు, ఇంకా పర్మినెంటు కాలేదు, మీ నాయన పోయినంక దొరికిన కొలువు అది. పోనూ ఆరు, అక్కడ రెండు, రానూ ఆరు. పద్నాలుగు దినాల సెలవు మంజూరైతేనే పో, వచ్చే రోజులు తగ్గించుకుంటనని మొదలుపెట్టకు. నేను చేసింది గదే.

బండికి పెద్దగ ఏం అక్కరలేదు. కొత్త టైరు వెనుకకు, పాతది అరిగింది, నేను చూసిన. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కొక్కటి అదనంగా, పాత కేబుల్ పక్కనే కట్టి ఉంచు, తెగితే అక్కడికక్కడే కలపొచ్చు. ట్యూబు, టైరు లీవర్లు, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు. గాలి పొద్దున టైరు చల్లగున్నప్పుడే పట్టించు. చైనుకు ఐదు వందల కిలోమీటర్లకోసారి నూనె. సామాను తక్కువ, అదీ కిందికి. పైన కట్టిన సంచి లారీ గాలికి బండిని గుంజుతది. పొద్దున స్టార్ట్ చేసి రెండు నిమిషాలు నిలబడి ఇను. అంతకు ముందు నట్లన్నీ స్పానరుతో తట్టు. నవ్వుకో, ఫరవాలేదు.

పొద్దుగూకకముందే దిగు. మధ్యాహ్నం తిన్నంక ఇరవై నిమిషాలు చెట్టు కింద ఒరుగు. ఆవులింత రెండోసారి వచ్చిందంటే పది కిలోమీటర్లలో ఊరున్నా ఆగు, ఆ ఊరి దాకా పోదామనుకోకు.

రోజూ దిగినంక ఒక్క మాట పంపు, ఊరి పేరు చాలు. మీ అమ్మకు నేను చదివి వినిపిస్త.

బండి సర్వీసింగు అయినంక నీ వారం సెలవు నాడు ఇటు తీసుకురా. చైను వదులు నా వేలితో చూసినంకనే పోనిస్త. వచ్చేటప్పుడు చౌరస్తాలో బోల్టుల దుకాణంలో పది నంబరు స్పానరు ఒకటి పట్టుకరా, నాది ఎవరో తీస్కపోయిండ్రు.

ఇట్లు,
మీ మామ