సెక్యూరిటీ ఉద్యోగం: యూనిఫాం తొడిగే ముందు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నుంచి బెంగళూరు బస్సులు నిండుతాయి. ఆ బస్సెక్కిన కుర్రాళ్లకు త్వరగా దొరికే పనుల్లో సెక్యూరిటీ డ్యూటీ ఒకటి. ఈ పనికి చదువు అక్కర్లేదు, శిక్షణ అక్కర్లేదు, నిలబడగలిగితే చాలు అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ మాట నమ్మి చేరినవాళ్లే పదేళ్లయినా అదే గేటు దగ్గర, ఇంచుమించు అదే జీతానికి ఉండిపోతున్నారు. శిక్షణ, కాగితాలు సక్రమంగా ఉంటే ఇదే పనిలో మెట్లెక్కవచ్చు.

చట్టం ఏం అడుగుతుందో ముందు తెలుసుకోండి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. ఫీల్డ్‌లో అందరూ దాన్ని పసారా అంటారు. దాని ప్రకారం గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు, నిర్ణీత శిక్షణ పూర్తి చేసి ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు ఆ శిక్షణ కొలత చెప్పాయి: క్లాసులో 100 గంటలు, ఫీల్డ్‌లో 60 గంటలు, కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డ్ శిక్షణతో ఏడు పనిదినాల కుదింపు కోర్సు ఉంది. రాష్ట్రాలు తమ నియమాలను ఈ నమూనా మీదే రాసుకున్నాయి.

ఇక్కడే మొదటి మోసం. “మూడు రోజుల ట్రైనింగ్, నాలుగో రోజు పోస్టింగ్, సర్టిఫికెట్ మేమే ఇస్తాం” అనే ఏజెంటు మీకు సాయం చేయడం లేదు. ఆ కాగితం మీద 160 గంటలు అని రాసి ఉంటుంది, మీకేమో మంటలార్పే సిలిండర్ పిన్ను ఎటు లాగాలో కూడా తెలియదు. సైట్‌లో ఏదైనా జరిగి విచారణ వస్తే, నేర్చుకున్నట్టు సంతకం పెట్టిన మనిషిగా మీరే జవాబు చెప్పాలి. జరగని శిక్షణకు హాజరు పట్టీ మీద సంతకం పెట్టకండి. నాలుగు వారాలు కూలి లేకుండా గడపడం కరువు ఇంటికి ఎంత కష్టమో తెలుసు. అందుకే పనులు మందగించిన నెలల్లో, ఇంకా అప్పు మీద పడకముందే శిక్షణకు వెళ్లండి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ దగ్గర, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కేంద్రాల్లో అన్‌ఆర్మ్‌డ్ సెక్యూరిటీ గార్డ్ కోర్సు బ్యాచ్ నడుస్తోందా అని ముందు వాకబు చేసి, ఆ తర్వాతే డబ్బు కట్టే చోటు గురించి ఆలోచించండి.

శరీర కొలతలు: మగవాళ్లకు 160 సెంటీమీటర్ల ఎత్తు, ఆడవాళ్లకు 150. మగవాళ్లకు ఛాతీ 80 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే మరో 4 పెరగాలి. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. చూపుకు కళ్లద్దాలు ఉండొచ్చు గాని రంగుల గుర్తింపులో లోపం ఉండకూడదు. మోకాళ్లు లోపలికి వంగి ఉండకూడదన్న నిబంధన మన ప్రాంతంలో కొందరికి అడ్డొస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఊళ్లు మనవి. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చాక చాలా పల్లెలకు మంచినీళ్లు అందాయి, అయినా అంతకుముందు పుట్టిన వాళ్ల ఎముకల మీద ఆ నీటి ప్రభావం అలాగే ఉంది. మీకు కాళ్ల నొప్పులు, వంకర ఉంటే డబ్బు కట్టకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. గేటు డ్యూటీకి కుదరకపోతే సీసీ కెమెరాల కంట్రోల్ రూమ్ పని అడగొచ్చు. అక్కడ కూర్చుని చేసే పని, కంప్యూటర్ కొంత తెలియాలి.

తర్వాతిది పోలీసు వెరిఫికేషన్. గత ఐదేళ్లలో మీరు వేర్వేరు జిల్లాల్లో ఉంటే ప్రతి చోటి వివరం అడుగుతారు. వలస తిరిగినవాళ్లు రూమ్ అడ్రసులు, ఉన్న నెలలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి, లేకపోతే ఫారం నింపేటప్పుడు తికమక పడతారు. కోర్టులో శిక్ష పడినవాళ్లను గార్డుగా తీసుకోకూడదు. మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. ఊరి గొడవల్లో, ఎన్నికల సమయంలో బైండోవర్ చేసిన పేర్లు స్టేషన్ రికార్డుల్లో ఉండిపోతాయి. బైండోవర్ శిక్ష కాదు, పెండింగ్ కేసూ శిక్ష కాదు. కానీ ఫారంలో “ఏ కేసూ లేదు” అని రాసి తర్వాత దొరికితే, కేసు కంటే ఆ అబద్ధమే మీ ఉద్యోగం తీస్తుంది. ఉన్నది రాయండి, కోర్టు కాగితం నకలు జత చేయండి. రాజీకి వీలైన చిన్న కేసు అయితే లోక్ అదాలత్‌లో తెంచుకుని ఆ ఉత్తర్వు దగ్గర పెట్టుకోండి.

ఏజెన్సీని కూడా మీరు వెరిఫై చేయాలి. పసారా లైసెన్సు ఐదేళ్లకు ఇస్తారు, రాష్ట్రానికి రాష్ట్రం వేరు. ఆంధ్రప్రదేశ్ లైసెన్సు చూపించి బెంగళూరులో గార్డులను నిలబెట్టే ఏజెన్సీకి కర్ణాటక లైసెన్సు కూడా ఉండాలి. లైసెన్సును ఆఫీసులో కనిపించేలా పెట్టాలని చట్టమే చెబుతోంది, కాబట్టి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి డబ్బు వసూలు చేసే వాడికి ఆఫీసు ఉండదు, రసీదు ఉండదు.

ఇక జీతం. ఒక లెక్క వేసి చూద్దాం. “18 వేలు, రూమ్ మేమే ఇస్తాం” అన్నారనుకోండి. అందులో బేసిక్, డీఏ కలిపి 15 వేలు అయితే మీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, మొత్తం 18 వేల మీద 135. మిగిలేది 16,065. రూమ్‌కు 2,500, మెస్‌కు 3,500, యూనిఫాం వాయిదా 500 కోసుకుంటే చేతికి 9,565. ఇది మోసం కాకపోవచ్చు, కానీ మీరు ఇంటి దగ్గర అప్పుల వాళ్లకు మాట ఇచ్చింది 18 వేల లెక్కన. ఆ 18 వేలు ఎనిమిది గంటలకా, పన్నెండు గంటలకా, వీక్లీ ఆఫ్‌తోనా, లేకుండానా? ఫోన్‌లో చెప్పేవాడు ఈ రెండూ చెప్పడు, మీరే అడగాలి. పీఎఫ్‌లో యజమాని వాటా కూడా మీ జీతంలోంచే కోసే ఏజెన్సీలు ఉన్నాయి. యూఏఎన్ నంబరు తీసుకుని ఉమాంగ్ యాప్‌లో ప్రతి నెలా జమ చూసుకోండి. స్లిప్పులో కోసి, ఖాతాలో వేయకపోతే రెండో నెలకే పీఎఫ్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టండి. రెండేళ్లు ఆగితే ఏజెన్సీ పేరే మారిపోతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే మీరు పనిచేసిన ఫ్యాక్టరీ లేదా కంపెనీ, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, చెల్లించాల్సి ఉంటుంది. ఆ హక్కు వాడాలంటే మీరు ఆ సైట్‌లో పనిచేసినట్టు రుజువు కావాలి. మస్టర్ ఫోటో, డ్యూటీ చార్ట్ ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.

శిక్షణలో చాలామంది నిద్రపోయే క్లాసు డాక్యుమెంటేషన్. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. మన జిల్లా ఉదాహరణే చూడండి. పెనుకొండ మండలం ఎర్రమంచి కియా ప్లాంటుకు చెందిన సుమారు 900 ఇంజన్లు కొన్నేళ్ల వ్యవధిలో మాయమయ్యాయని 2025లో పోలీసులు వెల్లడించారు. నకిలీ ఇన్‌వాయిస్‌లు, నకిలీ గేట్‌పాస్‌లు వాడారన్నది ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మనం గమనించాల్సింది వేరు. పెద్ద ఫ్యాక్టరీలో దొంగ గోడ దూకనక్కర్లేదు, కాగితం పట్టుకుని గేటులోంచే వెళ్లగలడు. లాఠీ తిప్పడం కంటే గేట్‌పాస్ చదవడం అక్కడ ఎక్కువ అవసరం. సీరియల్ నంబరు వరస తప్పిందా, సంతకం నమూనా రిజిస్టర్‌తో కలుస్తుందా, బండి నంబరు ప్లేటుకూ కాగితానికీ ఒకటేనా, తిరిగి రావాల్సిన సరుకు వచ్చిందా అనేవి రోజూ చూడాలి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదవగలగాలని నియమాల్లో పెట్టింది ఇందుకే. తొమ్మిదో తరగతిలో బడి మానేసినా, రోజుకు గంట కూర్చుని డెలివరీ చలాన్, ఇన్‌వాయిస్, ఆర్‌సీ చదవడం సాధన చేస్తే రెండు నెలల్లో పట్టు వస్తుంది. మేనేజర్ ఫోన్ చేసి “బండి వదిలెయ్, కాగితం తర్వాత” అంటే టైమ్, పేరు, నంబరు రిజిస్టర్‌లో రాసి, మీ సూపర్‌వైజర్‌కు చెప్పి, ఆయన మాట ప్రకారమే చేయండి.

మరో ప్రమాదం చేతిలో ఉంటుంది. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన మీకు పోలీసు అధికారం రాదు. మామూలు పౌరుడికి ఉన్న హక్కే మీకూ ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, మీ కళ్లెదుట బెయిల్ రాని, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోదగిన నేరం చేసినవాణ్ణి మీరు ఆపొచ్చు. ఆలస్యం చేయకుండా, ఎలా చూసినా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 5 వేల లోపు విలువైన దొంగతనం ఆ కోవలోకి రాదు. అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు పాత కుళాయి ఎత్తుకెళ్తూ దొరికాడనుకోండి. అతన్ని స్తంభానికి కట్టి, నాలుగు దెబ్బలు వేసి, అసోసియేషన్ వాళ్లు వచ్చేదాకా ఉంచితే సాయంత్రానికి కేసు మీ మీద ఉంటుంది. అసోసియేషన్ వాళ్లు మీకు వకీలును పెట్టరు. సరుకు అక్కడే పెట్టించండి, సీసీ కెమెరా ఫుటేజ్ భద్రం చేయించండి, 112కు ఫోన్ చేయండి, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయండి. ఆడవాళ్ల తనిఖీ మహిళా గార్డే చేయాలి. అందుకే మహిళలు లోపలికి వచ్చే ప్రతి ఫ్యాక్టరీకీ, మాల్‌కీ, ఆసుపత్రికీ మహిళా గార్డులు కావాలి. అర్హత ఉన్న ఆడపిల్లలు ఈ మాట చెప్పి మరీ పగటి షిఫ్ట్ బేరమాడుకోవచ్చు.

బెంగళూరు వద్దనుకునే వాళ్లకు మన జిల్లాల్లోనే సోలార్, గాలిమర సైట్లు ఉన్నాయి. ఎన్‌పీ కుంట, తాడిపత్రి వైపు సోలార్ ప్లాంట్లలో కాపలా పని వేరే తరహా: విశాలమైన బీళ్లు, చీకటి, రాగి కేబుల్ మీద కన్నేసే వాళ్లు, పాములు. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, మెయిన్ స్విచ్ ఆపినా ప్యానెల్ వైపు వైర్లలో కరెంటు ఉంటుంది. ఎండుగడ్డి అంటుకుని మంట ప్యానెళ్ల దాకా వస్తే బకెట్ నీళ్లు తీసుకుని పరుగెత్తకండి. సైట్‌లో చేరిన మొదటి రోజే ఏ మంటకు ఏ సిలిండర్, పాము కరిస్తే యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రి ఎక్కడ, రాత్రి బండి ఎవరిది అని అడిగి రాసుకోండి. గమ్ బూట్లు, టార్చి ఇవ్వకుండా రాత్రి రౌండ్ వేయమంటే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి.

పైకి వెళ్లే దారి గురించి. నమూనా నియమాల ప్రకారం ఒక సూపర్‌వైజర్ కింద 15 మంది గార్డులకు మించి ఉండకూడదు. అంటే ప్రతి పెద్ద కాంట్రాక్టుతోపాటు సూపర్‌వైజర్ పోస్టులు పుడతాయి. వాటిలో మాజీ సైనికులకు, పోలీసులకు ప్రాధాన్యం ఉందన్నది నిజం. అయినా కన్నడం, తెలుగు, కొంచెం హిందీ మాట్లాడుతూ, రిపోర్ట్ శుభ్రంగా రాసే మనిషిని కంపెనీలు వదులుకోవు. హిందూపురం, మడకశిర, రాయదుర్గం వాళ్లకు కన్నడం ఇంటి భాష లాంటిది, బెంగళూరులో అది ప్లస్ పాయింట్. హిందీ సైట్‌లో తోటి గార్డుల దగ్గరే వస్తుంది. ఈమెయిల్, ఎక్సెల్‌లో డ్యూటీ చార్ట్ వేయడం నేర్చుకోండి. ఏజెన్సీ మారేటప్పుడు రిలీవింగ్ లెటర్, శిక్షణ సర్టిఫికెట్ ఒరిజినల్, చివరి మూడు నెలల స్లిప్పులు అడిగి తీసుకోండి. పాత ఐడీ కార్డు తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. యూఏఎన్ పాతదే కొనసాగించండి. కొత్త నంబరు తెరిస్తే పాత పీఎఫ్ వేరే ఖాతాలో ఉండిపోతుంది, దాన్ని కలపడానికి మళ్లీ సెలవు పెట్టి తిరగాలి.