ప్రయోగశాల రికార్డు: తలిదండ్రులు గమనింపదగిన కొన్ని విషయములు

మన పాఠశాలలో తెలుగున చదువుకొని, పిదప విశ్వవిద్యాలయపు చదువునకు భౌతికశాస్త్రము నెన్నుకొను బాలబాలికలు ఏటేట కొందరుందురు. అచ్చట వారికి క్రొత్తగా ఎదురగునది ప్రయోగశాల. నియమించిన దినములలో ప్రయోగములు చేయవలెను. చేసిన ప్రతి ప్రయోగమును రికార్డు పుస్తకమున వ్రాసి అధ్యాపకుని సంతకము పొందవలెను. సంతకములు లేని రికార్డుతో పరీక్షకు పోవుట పెక్కు కళాశాలలలో సాధ్యము కాదు.

ఈ రికార్డు చక్కని దస్తూరితో, పొందికైన పటములతో నిండియున్న చాలునను అభిప్రాయము తలిదండ్రులలో పలువురకు కలదు. అందుచేత పై తరగతివారి పుస్తకమును చూచి వ్రాయుటయు, సెల్‌ఫోనులో పంపుకొన్న పుటలను దింపుటయు, రుసుమిచ్చి ఇతరులచే వ్రాయించుటయు తప్పుగా తోచుట లేదు. ఇందువలన పిల్లలకు కలుగు నష్టమెట్టిదో ఒక చిన్న ప్రయోగము ద్వారా వివరింప దలచితిమి.

1. ప్రయోగము చేయుట

సన్నని దారమునకు లోహపు గుండు కట్టి వ్రేలాడదీసి, కొంచెము ప్రక్కకు లాగి విడిచినచో అది అటునిటు ఊగును. ఇదియే లఘులోలకము. దీని పొడవును, ఒక డోలనమునకు పట్టు కాలమును తెలిసికొన్నచో గురుత్వ త్వరణమును లెక్కింపవచ్చును. పొడవనగా దారము కట్టిన చోటినుండి గుండు నడిమి వరకు గల దూరము. కావున గుండు వ్యాసమును వెర్నియర్ కాలిపర్సుతో 0.01 సెం.మీ. వరకు కొలిచి, అందు సగమును దారము పొడవునకు చేర్చవలెను.

ఒక్క డోలనమునే కొలువరాదు. గడియారమును నొక్కుటలో మన చేయి 0.2 సెకనులు ముందు వెనుకలగుట సహజము. 100 సెం.మీ. లోలకమునకు ఒక డోలనము సుమారు 2 సెకనులు, అందు 0.2 అనగా నూటికి 10 వంతులు. 20 డోలనములకు కాలమును కొలిచినచో అదే 0.2 సెకనులు 40 సెకనులలో పడును; అనగా నూటికి అర వంతు. ఈ కాలమును లెక్కలో వర్గము చేయుదురు గనుక ఫలితమున దోషము ఇబ్బడియై, నూటికి 1 వంతగును.

ఒక విద్యార్థికి మూడు మారులు వరుసగా 40.3, 40.1, 40.4 సెకనులు వచ్చినవనుకొందము. సగటును బట్టి లెక్కించిన గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు సుమారు 974 సెం.మీ. అగును. పాఠ్యపుస్తకమున 980 అనియో 981 అనియో యుండును. ఇచ్చటనే పిల్లవాడు భయపడి, 40.3 ను 40.0 గా దిద్దును.

అట్లు దిద్దుట అనవసరమని ముందు చెప్పిన లెక్కయే తెలుపుచున్నది. నూటికి 1 వంతు దోషమనగా సుమారు 10. కావున అతని ఫలితము 964 కును 984 కును నడుమ నుండవచ్చునని అర్థము. పుస్తకపు విలువ అందే యున్నది. అంతేకాదు, గురుత్వ త్వరణము భూమిపై అంతట నొక్కటి కాదు. ధ్రువములకడ సుమారు 983, భూమధ్యరేఖకడ సుమారు 978. చెన్నై, బెంగుళూరులలోను అది సుమారు 978 మాత్రమే. 981 కొరకు అంకెలు మార్చిన పిల్లవాడు తానున్న ఊరి సత్యమును విడిచి దూరపుటూరి సంఖ్యను తెచ్చి పెట్టుకొన్నవాడగుచున్నాడు.

ఫలితము 1084 వచ్చినచో సంగతి వేరు. గుండును విడిచినప్పుడు ‘సున్న’ అనుటకు బదులు ‘ఒకటి’ అని లెక్క మొదలిడినవారికి 19 డోలనములే 20 గా తోచి, ఇట్టి సంఖ్య వచ్చును. అప్పుడు చేయవలసినది కారణమును వెదకి, ప్రయోగమును మరల చేయుట. అందుకే ప్రయోగశాల విడుచుటకు ముందే లెక్క కట్టి చూచుకొనవలెను.

2. వ్రాయుట

కొలతలను చిత్తు కాగితముపై గాక పరిశీలనల పుస్తకమున, చూచిన వెంటనే సిరాతో వ్రాయవలెను. తప్పు పడినచో చెరిపివేయక ఒక గీత గీసి ప్రక్కన వ్రాయవలెను. కొట్టివేసిన అంకెయు ఒక్కొకప్పుడు పనికివచ్చును. రికార్డును ఆ వారముననే పూర్తి చేయవలెను. నెల గడచిన పిదప జ్ఞాపకము చాలక నకలే శరణమగును.

ఉద్దేశము, పరికరములు, సూత్రము, పద్ధతి, పట్టిక, గణనము, ఫలితము అనునది సాధారణమైన వరుస. పద్ధతిలో తాము చేసినదానినే వ్రాయవలెను. బోధన పుస్తకము ‘దారము కట్టుము’ అని ఆజ్ఞాపించును. రికార్డు ‘దారము కట్టితిమి’ అని చెప్పవలెను. ప్రతి సంఖ్య ప్రక్కన దాని ప్రమాణమును, ఫలితము ప్రక్కన దోషపు మేరయు నుండవలెను.

అంకెలను దిద్దకుండుటవలన కలిగిన మేలునకు శాస్త్రచరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లార్డు రేలీ నత్రజని సాంద్రతను కొలిచెను. గాలినుండి తీసిన నత్రజని ఆయన గాజుబుడ్డిలో సుమారు 2.31 గ్రాములును, రసాయన పదార్థములనుండి తీసినది సుమారు 2.30 గ్రాములును తూగెను. భేదము నూటికి అర వంతే. ఆయన దానిని కప్పిపుచ్చక 1892 లో ప్రకటించి కారణమడిగెను. ఆ జాడపట్టి రేలీ, రామ్సే అనువారలు 1894 లో గాలియందు ఆర్గాన్ అను క్రొత్త వాయువును కనుగొనిరి. 1904 లో ఇరువురును నోబెల్ బహుమానములు పొందిరి.

3. ఇంటివారు చేయదగినది

తెలుగున చదివినవాడు ఆంగ్లమున రికార్డు ఎట్లు వ్రాయగలడను బెదురే పలుచోట్ల నకలునకు మూలము. దీనికి మాకు తెలిసిన ఉపాయము సులభమైనది. ప్రయోగము చేసి వచ్చిన సాయంకాలము, ఏమి కొలిచెనో, ఎందుకు కొలిచెనో, ఏమి వచ్చెనో తల్లికో తండ్రికో తెలుగున చెప్పుమనుడు. మీకు శాస్త్రము తెలియనక్కరలేదు. అర్థము కానిచోట ‘ఎందుకు?’ అని అడిగిన చాలును. తన భాషలో తేటగా చెప్పగలిగినవాడు చిన్న చిన్న వాక్యములతో ఏ భాషలోనైనను వ్రాయగలడు. తెలుగున చెప్పలేనిచో లోపము ఆంగ్లమున లేదు. ప్రయోగమే అతనికి తెలియలేదన్నమాట.

ఇంకను చిన్న తరగతులలోనున్న పిల్లలకు ఇప్పుడే అలవాటు చేయవచ్చును. దారమునకు తాళపుచెవి గుత్తి కట్టి, మేకుకు వ్రేలాడదీసి, మీటరు పొడవున 20 డోలనముల కాలమును, పిదప 25 సెం.మీ. పొడవున 20 డోలనముల కాలమును కొలువుమనుడు. మొదటిది సుమారు 40 సెకనులు, రెండవది సుమారు 20 సెకనులు రావలెను. పొడవు నాలుగవ వంతైనను కాలము సగమే తగ్గినదేమని పిల్లవాడే అడుగును. వచ్చిన అంకెలను తేదీతో వ్రాయించుడు. 41 వచ్చినచో 41 అనియే వ్రాయనిండు. తక్కువ మార్కులు వచ్చునను భయముతో దానిని 40 చేయుమని ఇంటివారు మాత్రము చెప్పకుందురుగాక యని మా మనవి.