ఉమ్మడి గోడ – మన పాత వీధుల్లో కాపురం

మన శ్రీకాకుళం జిల్లాలో చారిత్రక ప్రదేశాలేవని అడిగితే ఎవరైనా శ్రీముఖలింగం, శాలిహుండం, అరసవల్లి అని ఠక్కున చెబుతారు. నిజమే కాని, అవి మనం వెళ్ళి చూసి వచ్చే చోట్లు. మనుషులు పుట్టి పెరిగి, అప్పులు చేసి, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి, కాపురాలుంటున్న చారిత్రక ప్రదేశాలు కూడా మనకున్నాయి. టెక్కలి, మందస వంటి పాత జమీందారీ ఊళ్ళలోని వీధులు అటువంటివి. వాటికి బోర్డులుండవు, టిక్కెట్టుండదు. అక్కడి కాపురం ఎలా ఉంటుందో, నానాటికీ ఎందుకు కష్టమవుతోందో ఈ వ్యాసంలో నాకు తెలిసినంతలో వివరిస్తాను. నాది ఉద్దానం. జీడి, కొబ్బరి తోటల్లో పెరిగినవాణ్ణి. చదువు నిమిత్తం టెక్కలిలో ఒక పాత వీధిలో రెండేళ్ళు అద్దెకున్నాను గనుక ఈ మాత్రం సాహసిస్తున్నాను.

పలాస సంగతి వేరు. 1890లలో తూర్పు తీరం వెంట రైలు మార్గం పడ్డాక స్టేషను చుట్టూ, ఆ తర్వాత జీడిపప్పు వ్యాపారంతో కాశీబుగ్గను కలుపుకొని పెరిగిన ఊరది. టెక్కలికి అంతకు ముందే జమీందారీ ఉంది. కచేరీకి వచ్చేవాళ్ళు, వర్తకులు, చేతిపనులవాళ్ళు వీధులు కట్టుకొని ఉండేవారు. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి టెక్కలి మీదుగా తమ ఊరికి చిన్న రైలు వేయించారు. అది 1931లో గుణుపురం దాకా వెళ్ళింది, 2011లో పెద్ద రైలయింది.

రైతుబిడ్డగా ఇక్కడొక మాట చెప్పాలి. ఈ వీధుల వైభవంలో మన శిస్తులున్నాయి, మనం కట్టిన వడ్డీలున్నాయి. 1940లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరగడం, ఆ కొద్ది రోజులకే మందస రైతుల పోరాటంలో వీర గున్నమ్మ పోలీసు కాల్పులకు బలికావడం ఊరికే జరిగినవి కావు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. ఆ తర్వాత ఈ వీధులకు పోషకులెవరూ లేరు, ఉన్నవాళ్ళే వాటిని మోసుకొస్తున్నారు. కాబట్టి పాత వీధి అనగానే చేతులెత్తి మొక్కడం నా వల్ల కాదు. అలాగని కూలితే పోనీ అనడం కూడా నా వల్ల కాదు.

ఇక ఇల్లు చూద్దాం. మా వైపు వీధుల్లో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకొని వరుసగా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు, గోడ ఒక్కటే. ముందు అరుగు, తర్వాత వసారా, నట్టిల్లు, వంటిల్లు, ఆఖర్న పెరడు, నుయ్యి. ఇల్లు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. పక్క గోడలకు కిటికీలుండవు గనుక నట్టింట్లో పట్టపగలు కూడా చీకటే. పైన ఒక అద్దం పెంకు పెడితే దాన్నుంచి పడే వెలుగే దిక్కు. నా రసాయనశాస్త్రం పుస్తకం ఆ వెలుగుతో పాటు జరుపుకుంటూ చదివేవాణ్ణి. పక్కింట్లో పోపు వేస్తే మనకు తుమ్ము, మనింట్లో గొడవైతే వాళ్ళకు వినోదం. పెరట్లోకి ఏం తేవాలన్నా, ఏం తీయాలన్నా నట్టింటి మీదుగానే. ఏటా వానలకు ముందు పెంకు సర్దించాలి. సర్దిన మర్నాడే కోతులు దిగుతాయి! ఇవన్నీ అనుభవించనివారు పాత ఇళ్ళ అందం గురించి కవిత్వం రాస్తారు.

అయితే మే నెలలో ఆ ఇల్లు చేసే మేలు కూడా చెప్పాలి. గోడ మందం ఎక్కువ. మందమైన గోడ వేడిని మెల్లగా పీల్చి మెల్లగా వదులుతుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది, అప్పటికి మనం అరుగు మీదికి వచ్చేస్తాం. నాలుగైదు అంగుళాల సిమెంటు శ్లాబుకు ఆ ఓపిక లేదు. పక్కనే రావివలసలో మల్లికార్జునస్వామి గుడి కప్పు లేకుండా ఎండలో ఉంటాడు, ఎండల మల్లికార్జునుడని పేరు. ఆయన దేవుడు గనుక చెల్లింది.

అసలు విషయం సున్నం. పాత గోడలకు సున్నమే కట్టుబడి, సున్నమే పూత. సున్నపురాయినో, గవ్వలనో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది తడిసున్నమవుతుంది. గోడకు పూశాక గాలిలోని అదే వాయువును నెమ్మదిగా తిరిగి పుచ్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. ఇటువంటి పూతలో సన్నని రంధ్రాలుంటాయి. నేల నుంచి గోడలోకి ఎక్కిన చెమ్మ వాటి గుండా బయటికి ఆవిరైపోతుంది. ఇప్పుడేమవుతోంది? సున్నం పని తెలిసిన మేస్త్రీలు కరువై, గోడ పెచ్చులూడగానే పైన సిమెంటు పూసేస్తున్నాం. సిమెంటు పూత చెమ్మను లోపలే బిగించేస్తుంది. మనది ఉప్పుగాలి ప్రాంతం, నౌపడా ఉప్పుమళ్ళు ఎంతో దూరంలో లేవు. ఆ చెమ్మతో వచ్చిన లవణం పూత వెనుక స్ఫటికాలు కట్టి ఇటుకను పొడి చేస్తుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. బాగుచేశామనుకున్న చేతులే పాడుచేస్తున్నాయి.

దీనికి తోడు ఉమ్మడి గోడ. వరుసలో ఒక ఇల్లు పడగొట్టి మేడ కడితే అది వాళ్ళ స్వవిషయం కాదు. ఇంతకాలం లోపలి గోడగా ఉన్నది ఒక్కసారిగా బయటి గోడై వానకు తడుస్తుంది, అటు వైపు ఆధారం కూడా పోతుంది. మేడ కట్టాక శ్లాబు నీళ్ళు పక్కింటి పెంకుల మీదికి దిగుతాయి. అప్పుడు పక్కింటివారికి రెండే దారులు: అప్పు చేసి తామూ మేడ కట్టడం, లేదా అమ్ముకోవడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా తోటలను నేలమట్టం చేసిన తర్వాత పెంకుటింటి మీద నమ్మకం ఇంకా సడలింది. శ్లాబు కావాలనే వారిని నేను తప్పుపట్టలేను. గాలివాన రాత్రి కప్పు కింద కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ భయం.

మరి ప్రభుత్వ చట్టం కాపాడదా అంటే, 1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడాలకు వర్తిస్తుంది. మామూలు కాపురాల వీధి దానికి కనబడదు. కేవలం పేరు వచ్చినంత మాత్రాన కూడా సరిపోదు. మన తెలుగువాళ్ళు ఒకప్పుడు కూలికి వెళ్ళిన మలయాలో పినాంగు జార్జిటౌన్ ఉంది. 2008లో యునెస్కో గుర్తించిన పాత పట్టణమది. అక్కడ 2000లో అద్దె నియంత్రణ ఎత్తివేయగానే తరాలుగా ఉన్న అద్దెదారులు ఎందరో ఖాళీ చేయవలసి వచ్చింది. ఇళ్ళు నిలిచాయి, మనుషులు కదిలిపోయారు. మన వీధికి ఆ గతి వద్దనుకుంటే రంగులు, బోర్డులు కాదు కావలసింది. సున్నం పని నేర్పించాలి. పెంకు సర్దించుకోవడానికి చిన్న అప్పు దొరకాలి. ఉమ్మడి గోడ కదిపేవాడు పక్కింటికి ముందే చెప్పి, ఆ గోడకు రక్షణ కట్టి ఇవ్వాలన్న షరతు ప్లాను మంజూరులో ఉండాలి. ఇంతకంటే పెద్ద పథకాలు నాకు తోచలేదు.

నేను ఖాళీ చేసే ఏడాది మా ఇంటివారికి ఇదే ముప్పు వచ్చింది. పక్కింటి అన్నదమ్ములు విశాఖలో స్థిరపడి, ఇల్లు పంచుకొని పడగొట్టించారు. కాగితాల్లో ఉమ్మడి గోడ అనే రాసి ఉంది, ఖర్చు ఎవరిదో రాసి లేదు. ఇంటి మామ్మగారు గొడవపడలేదు. “గోడ నాదా బాబూ, ఆల్లదా? ఇద్దరిదీని. ఏటి సేస్తాం, పిల్లలు పలకరిస్తన్నారు కదా, మాట పోగొట్టుకుంతానా?” అన్నారు. పెద్దమనుషులు రెండుసార్లు అరుగు మీద కూర్చున్నారు, సగం సగం అన్నారు, సగమంటే ఎంతో తేలలేదు. ఈ మధ్య వెళ్ళి చూస్తే గోడ మీద నీలం టార్పాలిన్ కప్పి, కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఈ వానాకాలానికి ఆగుతుందని మేస్త్రీ అన్నాడట.