పట్టీ బిగించే పనిముట్టు ఎలా ఎంచుకోవాలి?

సరుకు ప్యాకింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దుకాణానికి వెళ్లి ముందుగా అడిగేది "పట్టీ బిగించే మిషన్లలో ఏది మంచిది?" అనే. మన సరుకేమిటో, దానికి ఏ పట్టీ కావాలో తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

కాబట్టి మొదట సరుకు సంగతి ఒక కాగితం మీద రాసుకోండి. బరువెంత? అంచులు పదునైనవా? గట్టిగా బిగిస్తే నలిగిపోతుందా? లారీ కుదుపులకు కుంగుతుందా? కట్టాల్సింది చదునైన పెట్టెనా, గుండ్రటి గొట్టాల కట్టనా?

తర్వాత పట్టీ. భీమవరం వైపు నుంచి ఎగుమతయ్యే రొయ్యల అట్టపెట్టెలకు వేసే సన్నటి ప్లాస్టిక్ పట్టీని పీపీ అంటారు. చవక, తేలిక. అయితే బాగా సాగుతుంది, రోజులు గడిచేకొద్దీ బిగువు తగ్గుతుంది. పెట్టెలకు సరిపోతుంది, బరువైన ప్యాలెట్లకు నమ్మకండి. టైల్స్, ఇటుకలు, సంచులు పేర్చిన ప్యాలెట్లకు పాలిస్టర్‌తో చేసే పెట్ పట్టీ మేలు. సరుకు కాస్త కుంగినా తానూ ముడుచుకుని పట్టు నిలుపుతుంది. ఇనుప కడ్డీలకు, పదునైన అంచులకు, వేడి సరుకుకు స్టీల్ పట్టీయే. అది దాదాపు సాగదు గనుక సరుకు కుంగితే మాత్రం వదులైపోతుంది.

చేతిలో ఉన్న ముక్క పీపీయా, పెట్టా తెలియకపోతే గ్లాసు నీళ్లలో ముంచి వదలండి. పీపీ సాధారణంగా తేలుతుంది, పెట్ మునుగుతుంది.

ఇప్పుడు పనిముట్టు. చేతి పనిలో రెండు ఉంటాయి: పట్టీని లాగి బిగించే టెన్షనర్, క్లిప్పు నొక్కే సీలర్. రెండూ కలిసి ఒకటిగా వచ్చేవి కూడా ఉన్నాయి. టెన్షనర్‌ను దగ్గరగా చూడండి. కింద ఒక పలుచని పాదం, దాని మీద పళ్లున్న చిన్న చక్రం. పాదం పట్టీ కింద, సరుకు మీద కూర్చుంటుంది. పిడిని ఊపుతుంటే చక్రం పళ్లు పట్టీని కొరికిపట్టి లాగుతాయి. బిగించాక పాదాన్ని పక్కకు లాగేయాలి. ఆ పాదం మందమంత సందు వదులుగా మిగులుతుంది. పెద్ద ప్యాలెట్ మీద అది తెలియదు గానీ చిన్న పెట్టెల మీద తెలుస్తుంది. గుండ్రటి కట్ట మీద పాదానికి చోటే ఉండదు. వాటికి క్లిప్పును ఆనుకుని పట్టీని లాగే రకం అడగండి.

కొలతలు తప్పకుండా చూడండి. 12 మి.మీ. పట్టీకి 12 మి.మీ. క్లిప్పు, అదే కొలత సీలర్ కావాలి. పట్టీ మందం కూడా మిషను మీద రాసిన హద్దులోనే ఉండాలి. స్టీల్‌కు, ప్లాస్టిక్‌కు ఒకే పనిముట్టు వాడొద్దు.

బ్యాటరీ మిషన్లు పీపీ, పెట్ పట్టీలను బిగించి, రెండు పొరలను రాపిడి వేడితో అతికిస్తాయి. క్లిప్పుతో పనిలేదు. ధర చాలా ఎక్కువ, బరువు సుమారు మూడు నాలుగు కిలోలు. రోజుకు పది ఇరవై పెట్టెలు కట్టేవాళ్లకు చేతి పనిముట్టే చాలు. వందల్లో కట్టేచోట బ్యాటరీది కొనడం న్యాయం, పనివాళ్ల భుజాలు, మణికట్లు నిలుస్తాయి. బిగువు తగ్గించుకునే వీలుందా, చక్రం, కత్తెర బ్లేడు అరిగితే విడిగా దొరుకుతాయా అని అడిగాకే బేరం మొదలుపెట్టండి.

పట్టీ కోసే కట్టర్ కూడా ఈ సామాన్లలో భాగమే. బిగువుగా ఉన్న స్టీల్ పట్టీని ఉలితో, సుత్తితో తెంచితే ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది. దానికోసమే చేసిన కట్టర్‌తో, పక్కన నిలబడి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని కోయాలి. పట్టీ పట్టుకుని సరుకు ఎత్తడం ఎన్నడూ పనికిరాదు. అట్టపెట్టె మూలల్లో అంచు రక్షణ ముక్కలు పెడితే పెట్టె కోసుకుపోదు.

డబ్బు చెల్లించే ముందు మీ పెట్టె ఒకటి, మీరు వాడబోయే పట్టీ నాలుగు బారలు దుకాణానికి తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల చేత కాకుండా మీ చేతులతో బిగించి, అతుకు దగ్గర గట్టిగా లాగి చూడండి. పట్టీ జారితే ఆ మిషను కొనకండి.