కాట్స్‌వోల్డ్స్ పల్లెలకు కారులో

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. వారాంతంలో నలుగురు స్నేహితులం అద్దె కారులో కాట్స్‌వోల్డ్స్ వెళ్లాలనుకుంటున్నాం. మన లైసెన్సు చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుంది. బ్రిటన్‌లో నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలల వరకు నడపొచ్చు. నడిపే ప్రతి ఒక్కరి పేరూ అద్దె ఒప్పందంలో రాయించండి. లేదంటే బీమా వర్తించదు.

ఎడమవైపు నడపడం మనకు అలవాటే. కష్టమల్లా ఒక్క బండే పట్టే పల్లెదారుల్లో. రెండు పక్కలా ఎత్తయిన పొదల కంచెలు, మలుపు అవతల ట్రాక్టరో, గొర్రెల మందో. గంటకు 60 మైళ్ల పరిమితి ఉన్నా అంత వేగం వద్దు. ఎదురుబండి వస్తే, తప్పుకునే జాగా ఎడమన ఉంటే అందులోకి వెళ్లండి. కుడిన ఉంటే దానికి ఎదురుగా ఆగండి.

కాట్స్‌వోల్డ్స్‌లోని బైబరీ పల్లెలో రాతి ఇళ్ల వరస తప్పక చూడండి. వాటిలో జనం కాపురముంటున్నారు, కిటికీల్లోకి తొంగిచూడకండి.